గిన్నెల మిషనుకు నా వైద్యం

రాజాం నుంచి గజపతినగరం దాకా నా మాట వినని మోటారు లేదు. ఒకసారి మూడు రోజులుగా మొండికేసిన ఆయిలింజను, నేను పొలం గట్టు మీద నడిచొస్తుంటే నా చెప్పుల చప్పుడుకే స్టార్టయిపోయింది. ఆ రైతు వంగి దండం పెట్టాడు. నాకు కూడా కాదు, చెప్పులకు!

అంతటివాణ్ని, మొన్న మంగళవారం గిన్నెలు కడిగే మిషను ముందు గొంతుక్కూర్చున్నాను. మిషను అడుగున జానెడు నీళ్లు నిలిచిపోయాయి. చచ్చినా బయటికి పోమంటున్నాయి.

మిషను మా బావమరిది తిరుమలరావుది. వాడు చిన్న ఇంటికి మారుతూ, చోటు చాలక మాకిచ్చాడు. వచ్చి వారమే అయింది. పొద్దున్నే ఫోను చేశాడు.

"బావా, మిషను ఆగిపోనాదని అక్క సెప్పినాది. మా ఇంట్లో ఒక్కనాడూ ఆగనేదు. నీ సెయ్యి పడ్డాదేటి?"

"సాయంత్రానికి బాగైపోతాదిరా!"

"అయితే ఉంచీసుకో. నేకపోతే ఆరింటికి ఆటో పంపుతాను, ఎక్కించీ. ఆమదాలవలసలో మా వదిన ఎప్పట్నించో అడుగుతన్నాది. బాగు సేయించీసుకుంటాది."

పోతే పోనీ అనుకుందునేమో. కానీ మా ఆవిడ మరిడమ్మ చేతులు కళ్ల ముందు మెదిలాయి. నలభై ఏళ్లుగా రెండు పూటలా అంట్లు తోమీ తోమీ పగిలిపోయిన వేళ్లు. ఈ వారమే వాటికి కాస్త సుఖం. ఆ సుఖం ఆటో ఎక్కి వెళ్లిపోతుంటే, మొగుడన్నవాడు టాటా చెబుతూ నిలబడతాడా?

మరిడమ్మ మాత్రం మంచం మీద కాళ్లు చాపుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకు తింటోంది.

"ఎల్లిపోనీవయ్యా! మిషను రాకముందు గిన్నెలు తోమనేదా? సేత్తో తోమితేనే తళతళలాడతాయి."

చూశారా, ఎంత ఓర్పో ఆ ఇల్లాలికి!

ముందు ప్లగ్గు పీకాను. అక్కడివరకు తప్పు చెయ్యలేదు.

తర్వాత ఆలోచించాను. పొలంలో మోటారు నీళ్లు లాగకపోతే ఏం చేస్తాం? పైనుంచి గొట్టం నిండా నీళ్లు పోస్తాం. లోపలి గాలి పోయి, లాగడం మొదలెడుతుంది. పొలమైనా వంటిల్లయినా మోటారు మోటారే కదా. రెండు బిందెల నీళ్లు తెచ్చి మిషనులో పోశాను.

అవి మిషనులో ఎందుకుంటాయి? తలుపు దాటి వంటింట్లోకి వచ్చాయి. ఉల్లిపాయల బుట్ట లేచి, పడవలాగా గడప దాకా వెళ్లింది.

"ఏటయ్యా, నీళ్లు పోనేదంటే ఇంకా పోస్తన్నావేటి?"

"ఒసే, నీకు తెల్దు. ఇది మోటారు శాస్త్రం."

"ఓహో! మరి వరినారు తెమ్మంటావేటి, వంటింట్లో ఊడ్సీడానికి?"

ఇక్కడ ఒక నిజం చెప్పేస్తాను. ఆ ఆయిలింజను నేను వెళ్లేసరికే నడుస్తోంది. రైతు దండం పెట్టింది, దాని జోలికి రావద్దని.

నాలుగున్నరయింది. మిషను వెనకాల నీళ్లు పోయే గొట్టం ఊడదీశాను. ట్రాక్టరు ట్యాంకులోంచి డీజిలు తీసినట్టు, నోట్లో పెట్టుకుని పీల్చాను. రాలేదు. కళ్లు బయటికొచ్చేంత గట్టిగా పీల్చాను. ఒక్క గుక్క నోట్లోకి దూకింది.

మొదట సబ్బు తగిలింది. వెనకాలే పులుపు. అచ్చం చారు పులుపు!

"ఇందులో సారెవరు కాసినారే?" అని అరిచాను, ఉమ్ముకుంటూ.

"నిన్న ఇత్తడి సెంబులెట్టినావు కదా. ఏటి ఏసినావు అందులో?"

అప్పుడు గుర్తొచ్చింది. మరిడమ్మకు శ్రమెందుకని నిన్న గిన్నెలన్నీ నేనే సర్దాను. వాటిలో మా అత్తగారి ఇత్తడి చెంబులున్నాయి. ఇత్తడికి చింతపండు తగలకపోతే మెరుపెక్కడిది? సబ్బుబిళ్ల పెట్టే గూట్లో నిమ్మకాయంత చింతపండు కూరాను. చాలదేమోనని ఒక్కో చెంబులో మరో ముద్ద. పీచూ గింజా ఏమీ తియ్యలేదు. కంపెనీవాడికి తెలియని కిటుకు నాకు తెలిసిందని రాత్రంతా మురిసిపోయాను కూడా.

చెయ్యి పెట్టి తడిమితే అడుగున గుండ్రటి జల్లెడ తగిలింది. తిప్పితే ఊడొచ్చింది. పీచు, గింజలు, నాలుగు కరివేపాకులు కలిసి కాకి గూడులా అల్లుకుపోయి ఉన్నాయి. మెకానిక్కు అక్కర్లేదు, మోటారు శాస్త్రమూ అక్కర్లేదు. కుళాయి కింద పెట్టి రుద్ది కడిగాను. జల్లెడ బిగించాను. గొట్టం తగిలించాను. వంటిల్లు తుడిచి, ప్లగ్గు పెట్టి, బటను నొక్కాను.

మిషను ఒకసారి మూలిగింది. తర్వాత గుడగుడమంది. పెరటి కాలవలోకి నీళ్లు బుస్సున దూకాయి. నేనూ దూకేవాణ్నే, మోకాళ్లు ఒప్పుకోలేదు.

సరిగ్గా ఆరింటికి ఆటో వచ్చింది. నడుము దాకా తడిసిన లుంగీతో గుమ్మంలో నిలబడ్డాను.

"ఖాళీగా ఎల్లిపోరా బాబూ. మిషను రాదు."

ఆటోవాడు నన్ను కిందనుంచి పైకి చూశాడు. "ఏటి తాతా, మీ ఇంట్లోనే వాన పడ్డాదేటి?"

మరిడమ్మ లేచి, ఒళ్లో ఉన్న వేరుశనగ తొక్కలు దులుపుకుంది. నాకేసి చూసి నవ్వింది.

"పోన్లే, బతికిపోనావు."

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను గానీ, ఒక్కటి మాత్రం కల్పించాను: నలభై ఏళ్లుగా మా ఇంట్లో అంట్లు తోమేది మరిడమ్మ కాదు, నేను.