పైనుంచి చూడండి సార్

"ఏంటమ్మా, నీళ్ళకి కరెంట్ షాకులిస్తావా? వాటికేమైనా పిచ్చి పట్టిందా?"

చీఫ్ ఇంజనీరు నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అసిస్టెంటూ నవ్వాడు. అదీ ఉద్యోగంలో భాగమే.

కొత్త కెమిస్టు మాత్రం నవ్వలేదు. చేతిలో సీసా, అందులో తన మిషన్ శుభ్రం చేసిన నీళ్ళు.

"రిజర్వాయర్లో ఆకులు కుళ్ళి ఆ సారం నీళ్ళలోకి దిగుతోంది సార్. మన ఫిల్టర్లకి మొత్తం చిక్కడం లేదు. మిగిలింది క్లోరిన్‌తో కలిస్తే ఒంటికి చేటు. రెండు లోహపు రేకుల మధ్య కరెంటు పంపితే ఆ సారం విరిగిపోతుంది. మీరు ఊఁ అంటే ఊరంతటికీ పెట్టొచ్చు."

"నేను కట్టించిన ప్లాంటుకే వంకలా? మీ నాన్న పైపులు బిగిస్తాడు కదూ? నువ్వూ రెంచీ పట్టుకోవాల్సింది."

స్టీలు జగ్గులోంచి స్టీలు గ్లాసులోకి వంచుకుని తాగాడు. "నా ప్లాంటు నీళ్ళు. అమృతం!"

ఫోన్ మోగింది. కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు. ముగించి ఇటు తిరిగేసరికి బల్ల మీద ఒక తెల్ల పలక, దానిపై మూరెడేసి గాజు గొట్టాలు రెండు, నిండా నీళ్ళతో నిలబడి ఉన్నాయి.

"మామూలు గ్లాసులో రంగు తెలీదు. పైనుంచి చూడండి సార్."

వంగి చూశాడు. ఒకదాని అడుగున పలక పాలలా తెల్లగా ఉంది. రెండోదాంట్లో పల్చటి పసుపు, టీ గ్లాసు కడిగిన నీళ్ళలా.

"నేను ఫోన్లో ఉంటే జగ్గు మీద చెయ్యేశావ్. కిటికీ అద్దంలో చూళ్ళేదనుకున్నావా?"

"అవున్సార్. ఒకదాంట్లో మీ జగ్గు నీళ్ళే పోశాను. రెండోది..."

"దొరికింది దొంగ! నా నీళ్ళు చూపించి తన మిషన్ గొప్పంటుందట. చూశావటయ్యా, ఈ పసుపు కషాయం ఈవిడగారి కరెంటు వైద్యం. పశువులు కూడా మూతి పెట్టవు!"

"సార్, ఒక్క మాట..."

"నోర్ముయ్!"

పసుపు గొట్టానికి చీటీ అంటించాడు. 'తాగడానికి పనికిరాదు' అని రాసి, కింద సంతకం గీకాడు.

"సీలు వేసి హెడ్డాఫీసుకి పంపవయ్యా. ఈవిణ్ణి వాళ్ళే ఇంటికి పంపిస్తారు."

అసిస్టెంటు చెయ్యి చాచేలోగా ఆమే గొట్టాన్ని అందుకుంది.

"నేనే ఇచ్చొస్తాను సార్."

అరిచి అరిచి గొంతెండిన చీఫ్ జగ్గు అందుకుని, ఇందాక ఆమె ఆ పసుపు గొట్టంలోకి వంచగా మిగిలిన నీళ్ళను గ్లాసులో పోసుకుని గటగటా తాగేశాడు.