తోక తగ్గుతోంది

నాచుగుంట కప్పల జట్టు గెంతుల పందెంలో ఈ ఏడూ అట్టడుగునే మిగిలింది. ఆఖరున మిగిలిన గుంటకి ఒక్కటే ఓదార్పు: కొత్త తోకకప్పల్లో ముందుగా ఏరుకునే హక్కు దానిదే. జట్టు పెద్ద బోదురమ్మ అన్నిటినీ ఈదించి చూసి, అన్నిటికన్నా పొడుగు తోక ఉన్నదాన్ని ఏరుకుంది.

గట్టు మీద అభిమానులకి నిద్ర లేదు.

"ఆ తోక చూశావా బాబాయ్! ఈసారి కప్పు మనదే," అన్నాడు పచ్చన్న.

"పోయినేడూ ఇదే అన్నావురా. నాకు గుండె దడగానే ఉంది," అన్నాడు బురదయ్య.

వచ్చే ఏటి పందెం దగ్గరపడే కొద్దీ తోక పొట్టిదవసాగింది. పచ్చన్న గట్టు అంచుదాకా గెంతి తొంగి చూశాడు. "బాబాయ్, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తగ్గిందో చూడు!"

"నే చెప్పలా? మన ఖర్మ! రోగిష్టిదాన్ని ఏరుకొచ్చింది."

గుంటంతా బోదురమ్మ మీద పడింది. "అక్కా, నీకు దణ్ణం పెడతాం. ఆ తోక పూర్తిగా ఊడిపోకముందే దాన్ని పక్క గుంటవాళ్ళకి అంటగట్టెయ్!"

ఆ అరుపులకి బోదురమ్మకీ భయం పట్టుకుంది. సరేనంది.

పాపం, ఆ పిల్ల కొత్తగా మొలిచిన కాళ్ళు ముడిచి, ఒక్క గెంతులో గట్టు దాటి పక్క గుంటలో పడింది.

"హమ్మయ్య, పీడ పోయింది," అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాళ్ళలో ఒక్కరికీ తోక లేదు.