ఉతకని బనీను

“బకెట్లో వేస్తావా, నన్ను పుట్టింటికి పంపుతావా? ఇప్పుడే తేల్చు!” అంది వస్తాదు భార్య, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని.

ఆమె పట్టుకున్న పొడవాటి కర్ర కొసన మొగుడి కుస్తీ బనీను ఉంది. వేలాడుతోంది అనడానికి లేదు, అట్టలా బిగుసుకుపోయింది. ఒకప్పుడు తెలుపట. ఇప్పుడు చంకల దగ్గర పసుపు, వీపున పాచి ఆకుపచ్చ, మిగతా చోట్ల ఇంకా ఎవరూ పేరు పెట్టని రంగు. గోడకు ఆనిస్తే మనిషి లేకుండానే నిలబడేది. దాని మీద వాలిన ఈగ కాళ్లు తుడుచుకుని మరీ వెళ్లిపోవడం ఆమె కళ్లారా చూసింది. కాపురానికొచ్చిన కొత్తలో పాపం, చచ్చిన ఎలుక కోసం ఇల్లంతా వెతికింది.

“ఉతికితే బలం నీళ్లలో కొట్టుకుపోతుందే! గురువుగారు ఆ మాట చెప్పి మరీ తన చేత్తో తొడిగిన బనీను. ఇది ఒంటి మీదుండగా నా వీపు మట్టి ఎరగదు.”

“ఎందుకెరగదు? అరెకరం మట్టి దాని మీదే ఉంది!”

“రేపు కుస్తీలో ఓడితే శిక్షణశాలలో మాస్టారి ఉద్యోగం నాతో తలపడే ఆ పాలవాడికి పోతుంది. తెలుసా?”

అతను చెప్పేది కోతలేం కాదు. గోదాలో దిగి, తొడ చరిచి, రెండు చేతులూ చాచి మీదికెళ్లాడంటే ఎంతటి మల్లుడైనా ముఖం ఎర్రబడి, తూలి, వెల్లకిలా పడాల్సిందే. అందుకే గురువు మాట మీద అంత గురి.

“ఇంతకీ బలం నీదా, బనీనుదా?” అంది ఆమె. “బనీనుదైతే రేపు దాన్నే పంపు. ఎలాగూ సొంతంగా నిలబడుతుంది.”

వస్తాదుకు ఆ మాట ముల్లులా దిగింది. కాసేపు మీసం కొరుక్కుని, కర్ర లాక్కుని, తనే బకెట్లో ముంచాడు. నీళ్లు బురదయ్యాయి. సబ్బు నురగ మానేసింది. రెండో బకెట్లో ఏదో కదిలింది. ఆమె వాంతి చేసుకుంది. అది చూసి కాదు, బకెట్లోకి చూసి అతనూ చేసుకున్నాడు. చివరికి చేతికి మిగిలింది మెడపట్టీ, నాలుగు దారప్పోగులు.

మర్నాడు కొత్త బనీనుతో గోదాలో దిగాడు. ఏటా అతని చేతిలో ఓడే పాలవాడు ఒక్క క్షణం తటపటాయించి, చటుక్కున వచ్చి నడుం పట్టాడు. లేపాడు. దభీమని వేశాడు.

మొగుడి బలాన్ని చేజేతులా మురిక్కాలువలో పారబోయించానని ఏడుస్తూ ఆమె గోదా దగ్గరికి పరుగెత్తింది.

వస్తాదు పడుకున్నచోటి నుంచే వింతగా చూస్తున్నాడు. “ఇదేం పట్టురా? నా మీద ఎవడూ వెయ్యలేదే! నాకు నేర్పు.”

“ఇది మొదటి రోజు పాఠం, అన్నా!”

“నాదే పాపం బాబూ, ఆ పాత బనీను నేనే ఉతికించాను,” అంది ఆమె. “లేకపోతే ఏటా మీ అందర్నీ పడగొట్టిన మనిషి ఇలా…”

పాలవాడు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“ఊపిరాడక మేమే పడిపోయేవాళ్లం, వదినా!”