యూసుఫ్ గారు బయలుదేరారు

"ఆదివారం సాయంత్రం ఆరింటికి మూసేద్దామండీ" అని ఏలూరు నుంచి బెంజమిన్ గారు ఫోన్లో చెబితే, పెంటపాడులో ట్రాక్టరు పక్కన నిలబడ్డ జగ్గారావు గారికి "మోసేద్దామండీ" అని వినిపించింది.

"అయ్యయ్యో! ఎవరు పోయారండీ?" అని అడిగేలోపు ఫోను కట్టయింది. అందుకని ఆదివారం ఆయన బంతిపూల దండతో దిగారు.

పోయింది మనిషి కాదు, గ్రూపు. పదిహేడేళ్లుగా ఇంటర్నెట్లో నడుస్తున్న యాత్రాప్రియుల గ్రూపు. పేరు "తిరుగుడుపువ్వులు". ఒకప్పుడు నాలుగు వేల మంది. ఏ ఊళ్లో ఏ బస్సెక్కాలో, ఏ సత్రంలో నల్లులున్నాయో, అన్నీ అక్కడే తెలిసేవి. తర్వాత జనం రైళ్లు దిగి రీళ్లెక్కారు. పోస్టుల్లేక గ్రూపు పస్తులుంది. చివరికి మిగిలిన నలభై మందీ ఓట్లేసుకుంటే, మూసేద్దామన్న వాళ్లే ఎక్కువ తేలారు.

"మీ ఇష్టమండీ" అన్నారు అడ్మిన్ బెంజమిన్ గారు. అన్నారు గానీ, రెండు రోజులు అన్నం మానేశారు.

ముగింపు సభకి ఆయనింటికి పన్నెండు మంది వచ్చారు. కంప్యూటరు ముందు కుర్చీలు వేశారు. దండ సంగతి తెలిసి కాసేపు పడీ పడీ నవ్వుకున్నారు. ఆరింటికి ఒక్క బటన్ నొక్కితే అంతా అయిపోతుంది.

మూడుంపావుకి, బెంజమిన్ గారు వంటింట్లో టీ పెడుతుండగా, అందరి ఫోన్లూ ఒక్కసారే టింగుమన్నాయి.

"కైకలూరు యూసుఫ్ గారండీ!" అన్నారు తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన జీవరత్నం టీచరు. "బయలుదేరా, అని పెట్టారు."

గ్రూపులో ఓ కట్టుబాటుంది. ప్రయాణానికి గడప దాటితే "బయలుదేరా" అని రాయాలి. దిగాక "చేరా" అని రాయాలి. ఆ "చేరా" వచ్చేదాకా మిగతావాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. అప్పటిదాకా వేరే పని ముట్టకూడదు. ఈ పదిహేడేళ్లలో బయలుదేరిన ప్రతివాళ్లూ చేరారు.

కైకలూరు నుంచి ఏలూరుకి ఎంత మెల్లగా వచ్చినా గంటన్నర. అయిదైంది. అయిదున్నరైంది. యూసుఫ్ గారూ రాలేదు, ఆయన "చేరా" కూడా రాలేదు.

ఫోను చేశారు. స్విచాఫ్.

"కొల్లేరు పొంగిందండీ" అన్నారు జగ్గారావు గారు మెల్లగా. "రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లని పొద్దున్న టీవీలో చూపించారు. గోతులు కనపడి చావవు. ఆయనదేమో స్కూటరు."

ఇందాక నవ్వించిన దండ వైపు ఇప్పుడెవరూ చూడలేకపోయారు. జగ్గారావు గారే దాన్ని కాలితో బల్ల కిందికి తోసేశారు.

ఇంట్లోవాళ్లకి చేద్దామంటే ఆ నంబరు ఎవరి దగ్గరా లేదు. మండవల్లిలో ఉన్న మెంబరుకి చేశారు. ఆయన బండేసుకుని నీళ్ల దాకా వెళ్లి చూసి, "స్కూటరైతే కనపడలేదండీ. నీళ్లు మాత్రం మనిషిని లాగేసేట్టున్నాయి" అన్నారు.

ఆరైంది. బటన్ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"పోలీసులకి చెబుదామండీ" అన్నారు జీవరత్నం టీచరు.

"అప్పుడే వద్దండీ టీచరుగారూ!" బెంజమిన్ గారు అడ్డుపడ్డారు.

"పోనీ నేను కారేసుకుని ఎదురెళతానండీ" అన్నారు జగ్గారావు గారు.

"మీరసలు వద్దు!" అన్నారు బెంజమిన్ గారు. "మీరు కూడా ఆ నీళ్లలో దిగితే మీ ఆవిడకి నేనేం సమాధానం చెప్పుకోను?"

వీధిలో స్కూటరు చప్పుడైంది. బెంజమిన్ గారు ఉలిక్కిపడి లేచారు. మొహం సున్నం కొట్టినట్టయింది. స్కూటరు ఆగకుండా పోయింది. ఆయన కుర్చీలో కూలబడి నుదురు తుడుచుకున్నారు.

"ప్రాణస్నేహితుడు కదండీ, పాపం" అని ఎవరో గొణిగారు.

జీవరత్నం టీచరుకి ఏడుపాగలేదు. "వారం నుంచీ ఆయన గ్రూపులో ఒక్క ముక్క రాయలేదండీ. మనలో ఒక్కరం గమనించామా? ఇవాళ ఈ గ్రూపుండబట్టి, మనిషి రాలేదని పన్నెండు మందికి తెలిసింది. నేను ఒంటరిదాన్ని. రేపు నేను బయలుదేరి చేరకపోతే ఎవరడుగుతారండీ?"

జగ్గారావు గారు చెయ్యెత్తారు. "మూయొద్దండీ."

పన్నెండు చేతులూ లేచాయి. రానివాళ్లు ఫోన్లలో చేతి బొమ్మలెత్తారు.

బెంజమిన్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సరేనండీ, మూయను. చీకటి పడుతోంది, ఇంక మీరందరూ ఇళ్లకెళ్లండి. ఆయన కోసం నేను కనిపెట్టుకుని ఉంటాను" అన్నారు గబగబా.

ఎవరూ కదల్లేదు. ఆయన వీధి తలుపు దగ్గరికి నడిచారు.

గుమ్మంలో యూసుఫ్ గారు నిలబడి ఉన్నారు. బట్టలు తడవలేదు. చేపల వాసన మాత్రం ఆయనకంటే ముందే లోపలికొచ్చింది.

"ఆలస్యమైందండీ, ఏమనుకోకండి. రోడ్డు మునిగిందంటే గుడివాడ మీదుగా చేపల లారీలో వచ్చాను. అయిపోయిందా సభ?"

జీవరత్నం టీచరు ఏడుస్తూనే విరుచుకుపడ్డారు. "యూసుఫ్ గారూ, మనిషన్నాక బుద్ధుండక్కర్లేదా అండీ? బయలుదేరా అని పెట్టి ఫోను కట్టేసుకుంటారా? మా ప్రాణాలు తోడేశారు!"

యూసుఫ్ గారు అందరి మొహాలూ వింతగా చూశారు.

"నేను పెట్టడమేంటి టీచరుగారూ, పోయిన ఆదివారం ఇక్కడ మర్చిపోయిన నా ఫోను వారం నుంచీ బెంజమిన్ గారి దగ్గరే ఉంటేనూ!"