శాంతి గుర్రం వెనక కాళ్లు

"ఆ ఊలు పక్కన పడేసి టీవీ చూడవే! ప్రపంచమంతా చూస్తోంది," అన్నాడు మొగుడు.

అంతర్జాతీయ క్రీడల ప్రారంభోత్సవం. మేడంత ఎత్తు గుడ్డ గుర్రం మైదానంలోకి వచ్చింది. శాంతికి గుర్తట. దాని వెనక కాళ్లలో ఒకదాంట్లో వాళ్ల కూతురుంది.

"మనమ్మాయిది ఏ కాలే?"

"కుంటుతున్నది," అంది ఆవిడ అల్లిక ఆపకుండా. అల్లుతున్నది కూతురి వాచిన మోకాళ్లకి తొడుగులే. నెల్లాళ్ల రిహార్సల్స్‌లో పిల్లలను ఒక్కసారీ కూర్చోనివ్వలేదు. కుర్చీలడిగితే, దేశం కోసం ఆమాత్రం నిలబడలేరా అన్నారు, సోఫాల్లో కూర్చున్న పెద్దమనుషులు.

అధ్యక్షులవారు ఉపన్యాసానికి లేచారు. గుర్రం వెనక కాళ్లు మడిచి కూలబడింది.

"శాంతి అశ్వం మోకరిల్లింది! ఎంత వినయం!" వ్యాఖ్యాత గొంతు గద్గదమైంది.

"వినయమా, నీ మొహమా! మోకరిల్లితే ముందుకాళ్లు వంగాలి. ఇది చతికిలబడింది," అంది ఆవిడ.

"కొంప ముంచిందే! పరువు తీసింది!" మొగుడు తల పట్టుకున్నాడు.

గార్డులు పరుగున వచ్చి వెనక కాళ్లను ఈడ్వసాగారు. అవి లేవలేదు.

మొగుడు టీవీ మీదకు ఉరికాడు.

"ముందుకాళ్లు ఎవరి పిల్లలే? సిగ్గులేదూ, ఇంకా నిలబడే ఉన్నారు!"