మాత్రలిచ్చే మనిషి

తలుపు తీసింది ఇంటావిడ కాదు, ఎవరో ముసలమ్మ.

"చెప్పులు బయట విడువమ్మా. ఇప్పుడే తుడిచాను."

సోషల్ వర్కర్‌కి అక్కడే చిర్రెత్తింది. చెప్పులతోనే లోపలికి నడిచింది.

ఇంటావిడ మంచం మీద కూర్చుని గోడవైపు చూస్తోంది. మతి నిలకడగా లేని రోజుల్లో పొయ్యి ఆర్పడం మరిచిపోయి ఇంటికి నిప్పంటించుకుంది. అప్పటి నుంచీ ఏడేళ్ల కూతురు పిల్లల హోమ్‌లో ఉంది. సోషల్ వర్కర్ సంతకం పెడితేనే పాప ఇంటికొస్తుంది.

ముసలమ్మ మాత్ర ఇచ్చి, నోరు తెరిపించి చూసి, గ్లాసు తీసుకుంది.

"మీరీవిడకి ఏమవుతారు?"

"ఏమీ అవను."

"మరి రోజూ ఎందుకొస్తున్నారు?"

"ఇంట్లో తోచక."

ఇంటావిడ ఏదో చెప్పబోయింది. ముసలమ్మ కళ్లతోనే వారించింది.

సోషల్ వర్కర్ కాగితం మీద ఇంటావిడ పేరు రాసి చుట్టూ సున్నాలు గీసింది. ఒకదాంట్లో అక్క, ఇంకోదాంట్లో మరిది.

"పేషెంటు చుట్టూ అయినవాళ్లుండాలి, దారిన పోయే దానయ్యలు కాదు."

"అయినవాళ్లు గుమ్మం తొక్కి ఏడాదైంది తల్లీ."

"మీరిక్కడ ఉన్నంతకాలం పాపని పంపను."

ముసలమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"పాప వస్తుందంటే నేను రాను. మాత్ర నాలుక కింద దాచేస్తుంది, కాస్త చూసుకోండి."

"తన మాత్రలు తనే వేసుకుంటుంది. ఆత్మవిశ్వాసం అంటే అదే."

ఇంత చదువుకున్నాక ముసలమ్మ మాట చెవికెక్కుతుందా?

ముసలమ్మ రావడం మానేసింది. అక్క ఒకసారి ఫోన్ చేసింది. మరిది అదీ చేయలేదు.

రెండు నెలలకి పరుపు కింద గుప్పెళ్లకొద్దీ మాత్రలు దొరికాయి. ఇంటావిడని పిచ్చాసుపత్రిలో చేర్చారు. ఎవరిచ్చినా మాత్ర ఉమ్మేస్తోంది, పాపని చూపిస్తే ఎవరని అడిగింది. పాపని ఎవరికో దత్తత ఇచ్చేశారు.

అప్పుడు సోషల్ వర్కర్ ముసలమ్మ కోసం పరుగెత్తింది. అదే ఇంట్లో ముసలమ్మ ఉండే పై వాటాకి తాళం వేసి ఉంది.

"ఖాళీ చేసి వెళ్లిపోయింది, ఎక్కడికో తెలీదు," అన్నాడు కింది కొట్లో దర్జీ.

"ఏమీ కానిదానికి ఎందుకంత చేసిందో."

దర్జీ కత్తెర పక్కన పెట్టాడు.

"'పోయినవాడు ఎలాగూ రాడు, ఉన్న పిల్లైనా తల్లి దగ్గరికి రావాలి' అనేది. ఇల్లంటుకున్న రోజు ఆ పొగకి పై వాటాలో ఊపిరాడక చచ్చిపోయింది ఆవిడ ఒక్కగానొక్క కొడుకే మేడమ్."