గంప కింది గొంతు

ఒక పెరట్లో మేత చాలక బొల్లి అనే కోడిపిల్ల పుంజుగారి వాటాలోంచి రెండు నూకలు తిన్నది. పుంజుగారు దాన్ని గంప కింద మూయించారు. గుడ్లు తాగే కాకి ఒకటి అప్పటికే ఆ గంప కింద ఉంది.

"అయ్యా, నా బిడ్డ ఆకలికి తిన్నది. దాని మాట ఒక్కసారి వినండి," అంది తల్లికోడి.

"రేపు వింటాం," అన్నారు పుంజుగారు.

ఆ రేపు రాకుండానే ఎండలు పోయి వానలు పడ్డాయి. తల్లి రోజూ గంపకు చెవి ఆనించేది. మొదట్లో లోపల ఒక కియ్యి, ఒక కావు వినిపించేవి. పోనుపోను కియ్యి సన్నగిల్లింది. ఒకనాడు రెండూ కావుమన్నాయి.

ఆరోజే విచారణ జరిగింది.

"రెండు నూకలే కదా, వదిలేయండి," అన్నారు పుంజుగారు. కాపలా బాతులు గంప కొంచెం ఎత్తి బొల్లిని బయటికి వదిలాయి.

తల్లి దాన్ని గూటికి తీసుకెళ్లి, గుడ్ల మీద కూర్చుని రెక్క చాచింది. బొల్లి ఆ రెక్క కిందికి దూరి, అక్కడున్న కొత్త గుడ్లను ఒక్కొక్కటే ముక్కుతో మెల్లగా తట్టింది.

"ఏం చూస్తున్నావు తల్లీ?"

"ఏ పెంకు పలచగా ఉందా అని," అంది బొల్లి, కాకి గొంతుతో.

మర్నాడు పగిలిన పెంకులు చూసి పుంజుగారు తల పంకించారు.

"పెరట్లో నేరాలు పెరిగిపోయాయి. ఇంకా పెద్ద గంప అల్లించండి."